వాన రోజు హాజరు

ఆ బడిలో లెక్కల టీచరమ్మ వాన రోజు సెలవు పెట్టిన పాపాన పోలేదు. నిలువునా తడిసైనా సరే, గంటకు ముందే వచ్చి కూర్చుంటుంది. తోటి టీచర్లు ఆవిడది కప్ప జాతి అని వెనకాల నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. వాళ్ల నాన్నలెవరూ గొడుగులు బాగుచేయలేదు మరి.

ఆవిడ నాన్న చేసేవాడు. మెట్ల కింద ఇరుకు గది, ముందో చెక్కబల్ల, దాని మీద ఊచలు, పిడులు, నల్లగుడ్డ ముక్కలు. వాన పడితే ఊరంతా పని మానుకునేది, వాళ్లింట్లో మాత్రం అప్పుడే పని మొదలయ్యేది. అమ్మ తెల్లారకుండానే మిల్లుకు పోయేది. గుడ్డను ఊచల కొనలకు కుట్టే పని పన్నెండేళ్ల పిల్ల మీద పడింది. గొడుగుకు ఎనిమిది కొనలు, కొనకు రెండు ముళ్లు. అది చిన్న వేళ్లకే కుదిరే పని అనేవాడు నాన్న. అందుకని వాన పడ్డప్పుడల్లా బడికి నాగా.

"గొడుగులవాడి కూతురికి వానంటే భయమట" అని మాస్టారు క్లాసంతా నవ్వించేవాడు. పిల్లకు ఒళ్లు మండిపోయేది. నాన్న మీద చెప్పడం ఇష్టంలేక నోరు మూసుకునేది. ఒకరోజు మాస్టారు నవ్వకుండా చెప్పాడు.

"ఇంకొక్క రోజు మానావంటే పరీక్షకు కూర్చోనివ్వను. గంట కొట్టాక వచ్చినా మానినట్టే."

ఆ సాయంత్రం ఈ మాట నాన్న చెవిన వేసింది. "వానాకాలం అయిపోవచ్చిందిలే" అన్నాడాయన. వాన ఆయన మాట వినలేదు. మూడో రోజు తెల్లవారుజామున దబదబా మొదలైంది. పిల్ల ఆ చప్పుడుకే లేచి, దీపం పెట్టుకుని సూది పట్టింది. నాన్న లేచేసరికి బల్ల మీద గొడుగులన్నీ వరుసగా ఉన్నాయి.

"పదకొండు గొడుగులూ అయిపోయాయి నాన్నా. నేను బడికి పోతున్నాను."

"ఇంకా తెస్తారు కదమ్మా. ఈ ఒక్కరోజు ఉండు."

"ఉండను."

నాన్నకు ఎదురు చెప్పడం అదే మొదలు. మాట వెనక్కి తీసుకోలేదు. ఇంటినిండా గొడుగులే, ఒక్కటీ వాళ్లది కాదు. గిరాకీల గొడుగు ముట్టుకుంటే నాన్న ఊరుకోడు. పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి, చెప్పులు చేత పట్టుకుని నడిచింది. దారిలో ఎదురైన గొడుగుల్లో సగం ఆమెకు తెలిసినవే. ఆ వంకర పిడి నాన్న మార్చింది, ఆ చిరుగు తను కుట్టింది. వాటి కింద జనం హాయిగా పోతుంటే, కుట్టిన పిల్ల ముక్కు కొస నుంచి నీళ్లు కారుతున్నాయి.

బడి గోడ కనబడుతుండగా ముందు నడుస్తున్న ఆసుపత్రి నర్సమ్మ గొడుగు గాలికి తిరగబడింది. తెల్లారగానే కొట్టుకు వచ్చి పట్టుకెళ్లిన గొడుగే. మూడు కొనలు ఊడి గుడ్డ వేలాడుతోంది. పిల్ల ఆ కొనల వంక చూసింది. తొందరలో అక్కడ రెండో ముడి ఎగ్గొట్టింది తనే.

చూడనట్టు పరుగెత్తితే గంటలోపు లోపల ఉండేది. కానీ మందుల షాపు చూరు కింద ఆగి, గౌను అంచుకు గుచ్చుకున్న సూది తీసింది.

"ఇలా ఇవ్వండి. తప్పు నాదే."

రెండో కొన కుడుతుండగా గంట మోగింది. కళ్లనీళ్లు ఆగలేదు, సూదీ ఆగలేదు. నర్సమ్మ బుజ్జగించి అడిగితే పరీక్ష సంగతంతా చెప్పేసింది. చెబుతూనే మూడో కొనకు రెండు ముళ్లూ బిగించింది.

క్లాసు గుమ్మం దగ్గర మాస్టారు హాజరు పట్టీ మూసి చూపించాడు. "మానినట్టు రాసేశాను. ఇంటికి పో."

"పోను సార్. ఇక్కడే నిలబడి వింటాను."

నిలబడింది. ఒంటి మీద బట్టలు ఒంటి మీదే ఆరుతుంటే, బోర్డు మీది లెక్కలు గోడకు ఆనించి చేసుకుంది. నాలుగో లెక్కలో ఉండగా వరండాలో అడుగుల చప్పుడైంది. నాన్న. జోరున గిరాకీ ఉండే వేళ, కొట్టు మూసి వచ్చాడు. నర్సమ్మ డ్యూటీకి ఆలస్యమైనా వెనక్కి వెళ్లి, ఆయన్ని నాలుగు దులిపి మరీ వెళ్లిందట.

"మాస్టారూ, అది మానలేదు. నేనే మాన్పించాను" అన్నాడు తల వంచుకుని. "నాకు చూపు ఆనట్లేదు. సూదిలో దారం ఎక్కించలేను. నలుగురికీ తెలిస్తే గొడుగులెవరిస్తారని, దీన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను."

ఇంట్లో కూడా ఎవరూ పైకి అనని మాట అది. నలభై మంది పిల్లల ముందు నాన్న ఆ మాట చెప్పేశాడు. ఆ వీధిలో సగం గొడుగులు వాళ్ల ఇళ్లవే. పిల్లకు ఆయన్ని అక్కణ్ణుంచి లాక్కుపోవాలనిపించింది.

"ఆ నాగాలన్నీ నా పేరు మీద రాసుకోండి. దీన్ని మాత్రం లోపల కూర్చోనివ్వండి."

మాస్టారు పట్టీ తెరిచి, ఆ ఉదయం రాసింది కొట్టేశాడు.