ఆకాశంలో కట్టని ఉయ్యాల

నేను ఒక ఎనిమిది గజాల నేతచీరను. పుట్టినప్పుడు వంకాయరంగులో ఉండేదాన్ని. ఇప్పుడు నా రంగేమిటని ముగ్గురిని అడిగితే మూడు రంగులు చెబుతారు, మూడూ తప్పే. బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో గంగయ్య అనే నేతగాడు నన్ను నేశాడు. నేసినన్నాళ్ళూ భార్యతో పోట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ మీద కోపమంతా మగ్గం మీద చూపించాడు కాబట్టే నా నేత అంత గట్టిగా కుదిరింది. కాపురం సవ్యంగా సాగే నేతగాళ్ళ చీరలు ఇన్నేళ్ళు మన్నవు. నా అనుభవం మీద చెబుతున్నాను, నమ్మితే నమ్మండి.

తవిటమ్మ పెళ్ళి సారెలో ఆమెతో పాటు అత్తవారింటికి వచ్చాను. పదేళ్ళు కట్టింది. ఆ తర్వాత నాకు అసలు ఉద్యోగం దొరికింది. మా వైపు పుట్టిన బిడ్డను కొత్త గుడ్డలో పడుకోబెట్టరు. చెరువులో బండకు బాది బాది, వెన్నలా మెత్తబడ్డ పాతచీరే కావాలి. అలా ఇంటి దూలానికి నన్ను కట్టి, నాలో తవిటమ్మ పిల్లలు ముగ్గురినీ ఊపారు. వాళ్ళు ఎదిగాక వీధిలో ఎవరికి పురుడొచ్చినా నన్ను అరువు అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. కరణంగారి మనవడు ఎంత లావుగా ఉండేవాడంటే, వాడి బరువుకు వాళ్ళ ఇంటి దూలం జానెడు కిందికి వంగింది. ఈనాటికీ ఆ ఇంట్లో వాళ్ళు తల వంచుకునే నడుస్తారు. చూసినవాళ్ళు వినయం అనుకుంటారు. ఒక తుపానుకు తవిటమ్మ ఇంటి పైకప్పు, దూలంతో సహా, ఎగిరిపోయింది. నేను మాత్రం వేలాడుతూనే ఉన్నాను, నాలో బిడ్డ నిద్రపోతూనే ఉన్నాడు. దేనికి వేలాడావని మాత్రం నన్ను అడక్కండి.

ఇన్ని చేసిన దాన్ని, విమానం ఎక్కుతానని కలలో కూడా అనుకోలేదు.

తవిటమ్మ చిన్నకూతురు హైమావతి. ఆమె మొగుడు సన్యాసిరావు. పేరుకు సన్యాసే గానీ సంసారం మీద అతనికున్నంత మోజు నేను మరెవరిలోనూ చూడలేదు. అండమాన్‌లో, పోర్ట్‌బ్లెయిర్ రేవులో క్రేన్ నడుపుతాడు. హైమావతి పురిటికి పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ పుట్టాడు. కాగితాల మీద వాడు జస్వంత్, తవిటమ్మ నోట గుంటడు. సన్యాసిరావుకు సెలవు దొరకలేదు. కొడుకును ఫోనులో చూసి మురిసిపోయేవాడు. కొడుకు ఆ ఫోనును నాకేవాడు.

మూడో నెలలో హైమావతి పిల్లాడితో ఒంటరిగా విమానం ఎక్కింది. ఎక్కడమైతే ఎక్కింది. ఆమె సీట్లో కూర్చోగానే వాడు రాగం అందుకున్నాడు. పక్కనున్న కోటు పెద్దమనిషి, పసిపిల్లలున్నవాళ్ళు రైల్లో పోవాలని విసుక్కున్నాడట. సముద్రం మీద రైలెక్కడుందో ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. తలుపులు వేయకముందే బిడ్డను ఎత్తుకుని, కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయింది. ఓడలో పంపుదామంటే ఆమెకు అల బొమ్మను చూసినా వాంతులే. అలా ఏడో నెల వచ్చింది.

"ఈసారీ వాడు ఏడిస్తే నా వల్ల కాదే అమ్మా. మళ్ళీ దిగిపోతాను. ఆయనకెప్పుడు సెలవిస్తే అప్పుడే వచ్చి చూసుకుంటాడు," అంది హైమావతి.

"ఏడవకుండా నాను సూసుకుంటాను. నాను కూడా వస్తన్నాను కదేటి," అంది తవిటమ్మ, నన్ను సంచిలో కుక్కుతూ. "ఉయ్యాల్లో ఏస్తే గుంటడు పలకడు. ఇమానంలో మాత్రం కట్టుకోడానికి దూలం ఉండదేటి?"

నాతో పాటు రెండు ఇనప కొక్కేలు, నాలుగు మూరల తాడు, పెద్ద మేకులు, వాటిని దిగ్గొట్టడానికి ఒక సుత్తి కూడా సర్దింది. విశాఖ విమానాశ్రయంలో తనిఖీ మనిషి వాటిని ఒక్కొక్కటిగా బయటికి తీసి బల్ల మీద పేర్చాడు. విమానానికి ఏదైనా మరమ్మతు చేయబోతున్నారా అని మర్యాదగానే అడిగాడు.

"ఉయ్యాల కడదావని బాబూ."

ఆయన కొక్కేలను, సుత్తిని, మేకులను, తాడును అక్కడే ఉంచుకున్నాడు. నన్ను రెండుసార్లు విప్పి, రెండుసార్లు దులిపి, ఏమీ రాలకపోయేసరికి కాస్త చిన్నబుచ్చుకుని వదిలేశాడు.

విమానం ఎక్కగానే తవిటమ్మ రెండో సంచి విప్పింది. అందులో నువ్వులను బెల్లం పాకంలో కట్టిన చిమ్మిలి ఉండలు. ముందు మూడు వరుసలకూ వెనక మూడు వరుసలకూ తలా రెండు పంచింది. "మా గుంటడు ఏడుత్తాడేమో, ఏటీ అనుకోకండి బాబూ," అని చెబుతూ పోయింది. ఆ చిమ్మిలి నాకు తెలుసు. పాకం ఎప్పుడూ ఒక పిసరు ముదురుతుంది. నోట్లో పడిందంటే పై పళ్ళూ కింది పళ్ళూ గంటసేపు విడిపోవు. విసుక్కోవాలన్నా నోరు తెరిచే దారి లేకుండా చేసింది మహాతల్లి.

ఆ తర్వాత నా ఒక చివరను తలపైన సామాను పెట్టే అర తలుపుకు ముడివేసింది. రెండో చివర అవతలి పక్క అరకు కడుతుంటే విమానంలో పనిచేసే పిల్ల పరుగెత్తుకొచ్చింది. శ్రీకాకుళం అమ్మాయే.

"అమ్మమ్మగారూ, ఇక్కడ ఉయ్యాల కట్టకూడదండీ."

"ఏటమ్మా, బరువాగదేటి? ఇంతమందిని మోస్తన్నాది, గుంటడు బరువా దీనికి?"

"దారికి అడ్డమండీ. పైగా లేచేటప్పుడూ దిగేటప్పుడూ బాబు ఒళ్ళోనే ఉండాలి. బెల్టు పెట్టాలి."

"దార్లో వొచ్చేవోళ్ళు ఒక ఊపు ఊపి పోతారు. తప్పేటి?"

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ముడులు విప్పి నన్ను తవిటమ్మ చేతిలో పెట్టింది. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను దింపేయడం అదే మొదటిసారి. పిల్లాడు అప్పటికే ఏడుపుకు పెదవి వంచుతున్నాడు. హైమావతి చూపు తలుపు మీదే ఉంది. చెయ్యి బెల్టు మీదికి పోయింది.

"అమ్మా, దిగిపోదామే. ఇంకా తలుపు వెయ్యలేదు."

"దిగితే దిగు. నాను మాత్రం దిగను. అల్లుడికి సిమ్మిలి ఇచ్చే వొస్తాను," అంది తవిటమ్మ బెల్టు బిగించుకుంటూ. తల్లిని ఒంటరిగా పంపితే పోర్ట్‌బ్లెయిర్ గతేమిటో ఆలోచించి కాబోలు, హైమావతి మళ్ళీ కూలబడింది. తలుపులు మూశారు.

విమానం లేచేటప్పుడు బిడ్డ పాలు తాగుతూ ఏమీ పట్టించుకోలేదు. బెల్టులు తీయవచ్చన్నట్టు దీపం ఆరగానే పాలు వదిలి, గొంతు సవరించుకున్నాడు. అప్పుడు హైమావతికి ఏం తోచిందో, నన్ను తీసుకుని ఎడమ భుజం మీదుగా జోలె కట్టింది. నాట్లకు పోయే ఆడవాళ్ళు కట్టే జోలె అది. అందులో బిడ్డను వేసుకుని, వెనక వరకూ వెళ్ళి, ముందు వరకూ వచ్చింది. పన్నెండుసార్లు తిరిగింది. ఆ లెక్కన పోర్ట్‌బ్లెయిర్‌కు ఆమె సగం దారి నడిచే వెళ్ళిందని చెప్పవచ్చు. దూలాలకు కట్టారు, చెట్లకు కట్టారు, ఒకసారి ఎడ్లబండికి కూడా కట్టారు గానీ, గుండె చప్పుడు వినిపించే చోట నన్నెవరూ కట్టలేదు. మొదట అది దడదడమని కొట్టుకుంది. ఎనిమిదో తిరుగుడుకు నెమ్మదించింది. బిడ్డ నిద్రపోయాడు. చిమ్మిలి నోళ్ళవాళ్ళు కళ్ళతోనే మెచ్చుకున్నారు.

కిందికి దిగే వేళ అసలు కష్టం వచ్చింది. జోలె విప్పమన్నారు. వాడు లేచాడు. చెవుల్లో ఏమవుతోందో పాపం, రెండు చేతులతో చెవులు పీక్కుంటూ ఒక్క కేక పెట్టాడు. పాలిస్తే తల తిప్పేశాడు. హైమావతి మళ్ళీ తలుపు వైపు చూసింది. దిగిపోదామంటే కింద సముద్రం.

"చెవులు బిగుసుకుంటాయండీ," అంది ఆ శ్రీకాకుళం అమ్మాయి తన సీట్లోంచే. "ఏదైనా మింగుతూ ఉంటే సర్దుకుంటాయి."

తవిటమ్మ సీసాలోని గోరువెచ్చని నీళ్ళలో నా కొంగు ముంచి వాడి నోటి ముందు పెట్టింది. పళ్ళు మొలిచే వయసు, చిగుళ్ళు దురద. పట్టుకున్నాడు చూడండి. నలభై మందిని మోశాను, తడిపినవాళ్ళున్నారు, చింపినవాళ్ళున్నారు, తినడానికి సిద్ధపడ్డవాడు వీడొక్కడే. చప్పరించాడు, మింగాడు, మళ్ళీ చప్పరించాడు. రెండోసారి ముంచారు, మూడోసారి ముంచారు. చెవులు వదిలేశాడు. చక్రాలు నేలను తాకేదాకా గంగయ్య నేతకు, వాడి చిగుళ్ళకు యుద్ధం జరిగింది. గంగయ్యే గెలిచాడు, కాస్త పోగులు లేచాయంతే.

హైమావతి నా తడి కొంగుతోనే ముఖం తుడుచుకుంది.

బయట సన్యాసిరావు నిలబడి ఉన్నాడు. కొత్త చొక్కా, దాని మీద మడత గీతలు, కొడుకు కోసం పెంచినట్టుగా రెండు వేళ్ళ మందం మీసం. చేతులు చాపాడు. హైమావతి నాతో సహా బిడ్డను అందించింది. వాడు ఆ మీసాన్ని చూశాడు, తల్లిని చూశాడు, మళ్ళీ మీసాన్ని చూశాడు. విమానంలో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టాడు. పోర్టర్లు ఆగిపోయారు. రేవులో ఓడవాళ్ళు తమకేదో కబురొచ్చిందని తిరుగు కూత వేశారని తర్వాత విన్నాను.

సన్యాసిరావు బెంబేలెత్తి బిడ్డను వెనక్కి ఇవ్వబోయాడు. హైమావతి అలవాటుకొద్దీ చేతులు చాపి, సగంలో ఆగింది. చుట్టూ అంతమంది చూస్తున్నారు. ఆమె నవ్వింది.

"ఏడవనీండి. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఏడవనీండి. ఇక్కడ మనల్ని దిగిపొమ్మనేవాడెవడూ లేడు."

నేను సన్యాసిరావు భుజం మీద నానిపోతూ అంతా విన్నాను. ఆ తర్వాత ఎనిమిది రోజులు, నేను ఆ భుజం మీద ఉంటేనే పిల్లాడు తండ్రి దగ్గరికి వెళ్ళేవాడు. క్రేన్ నడిపే మనిషి ఒకప్పటి వంకాయరంగు చీర వేసుకుని క్వార్టర్ల ముందు తిరుగుతుంటే చూసినవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలియదు, అతనికి పట్టలేదు. తొమ్మిదో రోజున నేను ఇంకా తీగ మీద ఆరుతుండగానే వాడు తండ్రి భుజం మీద నిద్రపోయాడు. తవిటమ్మ చూసి, నన్ను మడతపెట్టి అలమరాలో పెట్టింది.

ఇలా ఉద్యోగం పోయినందుకు బాధపడేంత చిన్న మనసు నాది కాదు. కాస్త పడ్డాను లెండి.