పాలిచ్చే తల్లికి ప్లేగు సూది

ఆ ఏడు చలికాలం మొదట్లో పేరేసంద్రలో ఎలుకలు చచ్చి పడసాగాయి. సంత నాడు డాక్టరు వస్తాడని, అందరూ ప్లేగు సూది వేయించుకోవాలని దండోరా వేశారు. అది విన్నప్పటి నుంచీ అంజనమ్మ పాల గురించి వీధిలో మాట్లాడని మనిషి లేడు. ఆమెకు ఐదు నెలల కొడుకు.

అత్త అక్కయమ్మ రాగులు విసురుతూనే తీర్పు చెప్పేసింది. "మందు పాలల్లోకి దిగుతాది. బిడ్డ పాలు మానినాక వేయించుకుందువులే."

"ప్లేగు అంతవరకూ కాచుకోని ఉంటాదా అత్తా?"

భర్త మునినారాయణ కాస్త కన్నడం చదువుకున్నవాడు. చిక్కబళ్ళాపురం నుంచి కన్నడంలో అచ్చేసిన సర్కారు కాగితం తెచ్చి చదివి వినిపించాడు. సూది వేయించుకుంటే ప్లేగు భయం తగ్గుతుంది, ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు అని అందులో ఉంది.

"పాలిచ్చేవాళ్ళ గురించి ఏం రాసిండారు?"

అతను కాగితం తిప్పి చూశాడు. వెనక ఖాళీ. "ఏమీ రాయలేదు."

"అంటే మంచిదనా, చెడ్డదనా?"

"రాసినాయప్ప మొగోడు గదా. మతికి వచ్చిండదు."

మరునాడు అక్కయమ్మ ఇంకో కబురు తెచ్చింది. పోయిన ఏడు మండికల్‌లో సూది వేయించుకున్న కెంపమ్మకు పాలు ఎండిపోయాయట. మండికల్ అంజనమ్మ పుట్టినూరు. కెంపమ్మ, తను చిన్నప్పుడు కలిసి మేకలు కాసినవాళ్ళే.

"ఆమెనే అడిగొస్తా," అని అంజనమ్మ బండి కట్టించుకుని, బిడ్డను ఎత్తుకుని బయల్దేరింది.

కెంపమ్మ పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని చెనక్కాయలు ఒలుస్తోంది.

"ఎండిపోయిన మాట నిజమేనా?"

"నిజమే."

"సూది వేసుకున్న మర్నాడేనా?"

"యాడ మర్నాడు? ఆ పొద్దు దండిగా ఉన్నాయి. రెండు నెలలైనాక ఎండిపోయినాయి."

"మళ్ళా ఏమైంది?"

కెంపమ్మ ఒళ్ళో బిడ్డను చూపించి నవ్వింది. "ఇదో, ఈయప్ప కడుపున పడినాడు. ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. సూది వల్ల అన్నారు, నేనూ ఊరుకున్నా."

అంజనమ్మకు కూడా నవ్వు ఆగలేదు. అయినా ఒక్కరి మాటతో సరిపెట్టుకోలేదు. పాలిస్తూ సూది వేయించుకున్న ఇంకో ఇద్దరి ఇళ్ళకు కెంపమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఒకామెకు జ్వరం బాగా కాసింది గాని బిడ్డకు ఏమీ కాలేదు. ఇంకొకామెకు చెయ్యి వాచి, బిడ్డను ఆ పక్కకు వేసుకోలేక అవస్థ పడిందట.

వీధి చివర ఇంట్లో ఒక అవ్వ మనవరాలికి మేకపాలు తాగిస్తోంది. పిల్లకు ఏడాది దాటినా బాగా సన్నగా ఉంది.

"దీని తల్లి, పాలు పాడైపోతాయని సూది వద్దన్నాది," అంది అవ్వ. "ప్లేగులో పోయింది."

అంజనమ్మ అవ్వ పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "సూది వేసుకున్నోళ్ళకు ఎవరికీ రాలేదా అవ్వా?"

"ఇద్దరికి వచ్చింది. వాళ్ళు లేచి తిరుగుతాండారు."

ఆ పిల్ల పాకుతూ వచ్చి అంజనమ్మ కొంగు పట్టుకుంది. ఆమె ఒళ్ళోకి తీసుకుని పాలిచ్చింది. తిరిగి వచ్చే దారంతా డాక్టరును అడగవలసినవి మనసులో కూర్చుకుంది.

సంత నాడు డాక్టరు రామచంద్రప్ప ముందు నిలబడి అడగవలసింది అడిగింది.

"మందులో ఉండేది చచ్చిన క్రిములమ్మా," అన్నాడాయన. "పాలల్లోకి పోయి బతికేది ఏమీ లేదు. జ్వరమొచ్చినా పాలు ఆపొద్దు. పాలిచ్చేవాళ్ళను వేరే పెట్టి పరీక్ష చేసినారా అంటే, నేను చదివిన దాంట్లో లేదు. నా భార్య మాత్రం పాలిస్తానే వేయించుకునింది."

తెలియనిది తెలియదని చెప్పినందుకు ఆమెకు ఆయన మీద గురి కుదిరింది. "కుడి చేతికి వేయండి అప్పా. వీడు ఎడమ పక్కే ఎక్కువ తాగుతాడు."

"కుడి చెయ్యి వాస్తే మరి ఇంట్లో పని?"

"మా అత్త ఉండాది."

రెండు రోజులు జ్వరం కాసింది, చెయ్యి వాచింది. అక్కయమ్మ మాటిమాటికీ మనవడి ఒంటి మీద చెయ్యి పెట్టి చూసింది. వాడు కడుపునిండా తాగి, ఆమె చీర తడిపి, హాయిగా నిద్రపోయాడు.

అంజనమ్మ లేచి తిరిగిన కొన్నాళ్ళకు, డాక్టరు పరగోడు ఊళ్ళో ఉన్నాడని తెలిసి అక్కయమ్మ బండి కట్టమంది. ఆమె సంత నాడు సూది వేయించుకోలేదు.

"భయం తీరిందా అత్తా?" అంది అంజనమ్మ.

"భయమేముండాది? నాకు జ్వరమొస్తే చూసుకునేదానికి నీ చెయ్యి బాగుపడాల గదా. అందుకే కాచుకోని ఉన్నా."

మిగతా చలికాలం ప్లేగు భయానికి ఊరంతా ఇళ్ళు వదిలి, పొలాల్లో గుడిసెలు వేసుకుని గడిపింది. వాళ్ళ గుడిసెలో ఎవరికీ ప్లేగు రాలేదు. పిల్లవాడు అక్కడి మెత్తటి మట్టిలోనే పాకడం నేర్చుకున్నాడు.