తాడు చివర ముడి

తాడు ఇరుక్కుంది.

గ్రిఫ్ రెండు కాళ్లూ బండకు తన్నిపెట్టి బలమంతా ఉపయోగించి లాగాడు. పైన కొక్కెంలో దూర్చి రెండు పేటలుగా వేలాడదీసి దిగిన తాడది; ఒక కొస అతని చేతిలోనే ఉంది. రెండోది జలపాతం వెనక గోడ మీదుగా పైకి పోతూ మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

"కదలదే! దిగేముందు చూసుకోలేదా నువ్వు?" నైరీ మీద అరిచాడు. "మీ న్యూజిలాండ్‌లో గొర్రెల్ని కట్టేసినట్టు మెలేశావా?"

"చూశాను. రెండు పేటలూ విడివిడిగానే ఉన్నాయి."

"మరి దెయ్యం పట్టుకుందా?"

నైరీ తాడు పోయిన దారి వెంట పైకి చూసింది. అందరికన్నా చివర దిగింది తనే. తాడు మెలిపడకుండా చూడాల్సిన బాధ్యత చివర దిగినవాళ్లదే.

వెనక ఇప్పుడే దిగివచ్చిన నున్నటి గోడ. ముందు దిగాల్సిన ఇంకో జలపాతం. మధ్యలో నల్లటి మడుగు, దాని అంచున ముగ్గురు మనుషులు. ఆ తాడు లేకపోతే పైకీ పోలేరు, కిందికీ పోలేరు. రెండు కొండల మధ్య గీతలా కనిపించే ఆకాశం పొద్దున నీలంగా ఉండేది, ఇప్పుడు మసిబారింది. పైన ఉరిమింది. అక్కడ వాన పడితే ఈ ఇరుకు గొందిలోకి నీళ్లు గొట్టంలోకి వచ్చినట్టు వచ్చిపడతాయి.

"తిట్టుకోవడం ఇంటికెళ్లే దారిలో బిల్పిన్ ఊళ్లో ఆపిల్-పై ముక్కలు తినేటప్పుడు పెట్టుకోండి," అన్నాడు డెంజిల్ ట్రెగేర్. గ్రిఫ్ తండ్రి ఆయన. ఆస్ట్రేలియాలోని ఈ బ్లూ మౌంటెన్స్‌లో యాత్రికుల్ని తాళ్లతో ఇలాంటి గొందుల్లోకి దించే పని చేసేవాళ్లంతా ఆయన్ని బాస్ అనే పిలుస్తారు. బండమీద కూర్చుని చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. "ముందు తాడు తియ్యండి."

"ఇవాళ సరిగ్గా దిగావంటే సోమవారం నుంచి నువ్వు మా మనిషివి" అని ఆయనే పొద్దున నైరీతో అన్నాడు. ఈ ఉద్యోగం కోసమే ఆమె సముద్రం దాటి వచ్చింది.

నైరీ నీళ్లలోకి దూకింది. చలి ఛాతీని పిండేసింది. ఈదుకుంటూ, దిగివచ్చిన జలపాతం వెనక్కి దూరింది. అక్కడ ఏ వరదో తెచ్చి ఇరికించిన మాను ఒకటి గోడకు ఏటవాలుగా ఆనుకుని ఉంది. నాచు మీద జారుతూ, గోళ్లతో పట్టుకుంటూ పైకి పాకింది. ముందు నీటి తెర. ఇక్కడ తను ఏం చేస్తున్నదీ కిందివాళ్లకు కనబడదు.

రాతి పగులులో తాడు కొస దొరికింది.

కొసకు ముడి ఉంది.

నైరీ దాన్ని వేళ్లతో తడిమి చూసింది. తాడు కిందికి విసిరేముందు కొసల్లో ముడులు వేస్తారు, దిగేవాడు పొరపాటున చివరనుంచి జారిపోకుండా. ముందు దిగినవాడు కింద కాలు మోపగానే వాటిని విప్పాలి. ముందు దిగింది బాస్. గ్రిఫ్ చేతిలోని కొసకు విప్పాడు, దీన్ని విప్పలేదు.

పొద్దున ఆయన తన రబ్బరు ఈత సూటు జిప్పు గ్రిఫ్ చేత వేయించుకున్నాడు. "పాత జిప్పు, తుప్పు పట్టింది" అని నవ్వాడు. టీ ఫ్లాస్కు మూత కూడా గ్రిఫ్ చేతే తీయించాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఆమె ముడిని పంటితో విప్పేసింది. తాడు సర్రున జారింది. కింద గ్రిఫ్ కేక వేశాడు.

"ఏం పట్టుకుందట?" ఆమె ఒడ్డెక్కగానే అడిగాడు.

"పగులులో ఇరుక్కుంది."

అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. కొడుకు ముందు తన పరువు తీసిన పిల్లకు ఏ యజమాని ఉద్యోగమిస్తాడు?

గ్రిఫ్ తాడును తరువాతి కొక్కెంలో దూర్చి, కొసలు ముడివేసి, కిందికి విసిరాడు. గోడల మీద మొదటి చినుకులు పడ్డాయి.

"ఎప్పట్లాగే ముందు నేను," అన్నాడు బాస్.

తాడును నడుము పట్టీకున్న, దాన్ని నిదానంగా జారనిచ్చే ఇనుప బిళ్లలోకి ఎక్కించబోయాడు. జారిపోయింది. వాళ్లకు వీపు తిప్పి మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ జారింది. ఆ వేళ్లు తెల్లగా, కొయ్యల్లా ఉన్నాయి. ఆ చేత్తోనే తాడును అదిమి పట్టుకుని ఆయన జలపాతం అంచు దాటాలి. పట్టు వదిలితే అడుగున బండలే.

"బాస్, ఆగండి."

ఆయన తిరగలేదు.

"తాడు మెలిపడలేదు. కొసకు ముడి ఉంది. ఎవరో విప్పలేదు."

"ఎవరో ఏంటి?" గ్రిఫ్ విరుచుకుపడ్డాడు. "విప్పాల్సింది ముందు దిగిన..."

తండ్రి చేతుల వంక చూశాడు.

"నాన్నా, ఎన్నాళ్లనుంచి?"

"చలికాలం నుంచి." బాస్ తన వేళ్లను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. తరువాత మెడలోని, ముందు దిగేవాళ్లు వేసుకునే ఈల తీసి నైరీ మెడలో వేశాడు. "ముందు నువ్వు దిగు. కిందనుంచి తాడు బిగించి పట్టుకో. నా చెయ్యి జారినా నువ్వు ఆపగలవు."

"ఆపుతాను."

"సోమవారం ఏడింటికల్లా రా. ఆలస్యంగా వచ్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట."

"గొర్రెల్ని మాత్రం తీసుకురాకు," గొణిగాడు గ్రిఫ్. ఆ గొంతులో క్షమాపణ ఉంది.

"ఇంకో మాట," బాస్ ఆమె భుజం పట్టుకున్నాడు. "నా దగ్గర పనిచేసేవాళ్లు తప్పెవరిదో నసగరు. పేరు పెట్టి, కొండలకు వినబడేట్టు చెప్తారు. కానియ్."

నైరీ తాడు బిగించుకుని అంచు మీద వెనక్కి వాలింది. నవ్వొచ్చింది. గుండెల నిండా గాలి పీల్చుకుని, జలపాతం హోరును మించి అరిచింది:

"డెంజిల్ ట్రెగేర్!"