నోలీన్ చెప్పుకోవలసి వచ్చిన మాటలు

నోలీన్ స్ట్రాహన్‌కు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. కాళ్ళు తడబడటాన్ని ఎలాగో ఓర్చుకుంది కానీ, మూత్రం ఆగకపోవడం ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది. ఫుట్‌బాల్ క్లబ్బులో ఆట సమయం లెక్కపెట్టే టైమ్‌కీపర్ కుర్చీ వదులుకుంది. ఆట ముగిసిందని సైరన్ మోగేదాకా టైమ్‌కీపర్ గదిలోంచి కదలకూడదు మరి. తర్వాత ప్రభుత్వ సహాయ పథకం వాళ్ళు ఒక చిన్న మిషన్ ఇచ్చారు. చీలమండ దగ్గర పట్టీలు అంటించుకుని రోజూ కాసేపు నరానికి సన్నగా కరెంటు పెట్టుకోవాలి. ఎక్కడి చీలమండ, ఎక్కడి మూత్రాశయం అని భర్త కెవ్ నవ్వాడు. కానీ అది పని చేసింది. నోలీన్ మళ్ళీ కుర్చీ ఎక్కింది.

అంతలో పథకం ఆఫీసు అమ్మాయి ఒకతె ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగింది. నోలీన్ ఉండే గోధుమ పొలాల ఊళ్ళో చెయ్యి విరిగినవాడు కూడా "ఫర్లేదు, బండి నడుస్తోంది" అనే అంటాడు. ఆమే అదే అంది. అంతే, నయమైపోయిందని రాసేసుకుని మిషన్ తిరిగి పంపమన్నారు. కళ్ళజోడుతో బాగా చదువుతున్నావు కాబట్టి కళ్ళజోడు ఇచ్చెయ్యమనే రకం. ఒళ్ళు మండదా మరి?

అప్పీలు పెట్టుకుంటే, ఆ అమ్మాయే గురువారం సాయంత్రం ఫోన్ చేసింది. ఆటగాళ్ళ ప్రాక్టీసు రోజది. నోలీన్ క్లబ్బు వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఫోన్ సిగ్నల్ అందేది ఆ కిటికీ దగ్గర ఒక్కచోటే. పక్కనే కెవ్, క్లబ్బు ప్రెసిడెంటు డారిల్ సాసేజీలు వేయిస్తున్నారు.

"తర్వాత చేస్తావా అమ్మాయ్? ఇక్కడ మనుషులున్నారు."

"ఇప్పుడు పెట్టేస్తే మళ్ళీ నెలలు పడుతుందండీ. మిషన్ లేనప్పుడు ఎలా ఉండేదో మీ మాటల్లో చెప్పండి."

నోలీన్ చెప్పింది. చర్చిలో తడిసిన బల్ల గురించి, సూపర్‌మార్కెట్ లైన్లో బూట్లలోకి కారడం గురించి, వాసనొస్తోందని మనవరాలు ఒళ్ళోంచి దిగిపోవడం గురించి. కెవ్‌కు కూడా ఎన్నడూ చెప్పనివి. సాసేజీలు మాడుతున్నా డారిల్ వాటిని తిప్పలేదు.

"సరిపోతుందండీ. మిషన్ మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చే ఏడాది మళ్ళీ చేస్తాను."

"దేనికి?"

"అప్పటికీ అవసరముందో లేదో చూడాలి కదండీ."

"ఈ జబ్బు పోయేది కాదని నీకు తెలుసా?"

"తెలుసండీ. కానీ రూలు అది."

నోలీన్ కత్తి కింద పెట్టింది. "అయితే ఫోన్ వద్దు. నువ్వే రా. ఇదే వంటింట్లో, వీళ్ళ ముందు, నా మొహం చూసి అడుగు."

డారిల్ పొయ్యి ఆపి, నోలీన్ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఏ రోజు వస్తావో ముందే చెప్పమ్మా. క్లబ్బంతా ఇక్కడే ఉంటాం."