రేకులు విప్పేసి సెలవులకు పోయిన మేస్త్రీ

పదకొండు వారాలపాటు, పొద్దున పది కొట్టేసరికల్లా నొయెలీన్ మేస్త్రీకీ అతని మనుషులకూ టీ పెట్టి ఇచ్చింది. ఉత్త టీ కాదు, పక్కన స్కోన్లనే వేడివేడి మెత్తటి రొట్టెలు, వాటి మీదికి తన చేత్తో చేసిన మామిడి జామ్. ఇప్స్‌విచ్‌లో ఇంట్లో పని పెట్టుకున్న వాళ్లెవరైనా చేసేదే అది. కాకపోతే ఈవిడ వంటగదిని రెండో వారంలోనే పీకేశారు గనక, బట్టలుతికే కొట్లో వాషింగ్ మెషీన్ మీద చిన్న ఓవెన్ పెట్టుకుని అవస్థ పడింది.

ఈ కట్టుబడంతా ఆవిడ నాన్న క్లారీ కోసం. ఎనభై ఆరేళ్ల మనిషికి తుంటి ఎముక విరిగింది. నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టే గది ఇంట్లో ఒక్కటీ లేదు. అందుకని వంటగది వెనక ఓ గదీ స్నానాలగదీ కలిపి కట్టిస్తోంది. "నిన్ను వృద్ధాశ్రమంలో పెట్టను నాన్నా" అని ఆసుపత్రి మంచం పక్కన మాటిచ్చింది.

"డిసెంబరు పదికల్లా మీ నాన్న కొత్త గదిలో కాళ్లు చాపుకుంటాడు తల్లీ" అన్నాడు మేస్త్రీ గ్రాంట్లీ.

పది పోయింది. పద్దెనిమిదో తారీకు శుక్రవారం గ్రాంట్లీ కొత్త కప్పును పాతదానికి కలపాలని వంటగది మీది రేకులన్నీ విప్పించాడు. క్రిస్మస్ ఎండాకాలంలో వచ్చే ఆ దేశంలో, పండగ ముందరి శుక్రవారం మధ్యాహ్నం నుంచి అందరికీ సెలవులే, ఒక్క సుత్తి కూడా మోగదని చిన్నపిల్లలకూ తెలుసు, ఆ మేస్త్రీకి తెలియదా? పైన నీలం టార్పాలిన్ ఒకటి పరిచి, కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

"రేకులు వేసే కెల్విన్ ఎక్కడికి పోయాడో, ఫోనే ఎత్తడం లేదు. జనవరి పదకొండున వస్తాం. ఏం కాదులే తల్లీ, అంతా సర్దుకుంటుంది" అని చెప్పి, మిగిలిన స్కోన్లు మూటగట్టించుకుని మరీ వెళ్లాడు.

ఆదివారం సాయంత్రం గాలివాన. టార్పాలిన్ నీళ్లతో నిండుచూలాలి పొట్టలా కిందికి దిగి, చివరికి ఫెళ్లున చిరిగింది. కొత్త సీలింగ్ ముద్దలు ముద్దలుగా ఊడి కింద పడింది.

"ఏమిటే ఆ చప్పుడు, ట్యాంకు పగిలిందా?" అన్నాడు, ఆసుపత్రి నుంచి వచ్చి ముందుగదిలోనే ఇరుక్కుని పడుకుంటున్న క్లారీ.

"లేదు నాన్నా, గ్రాంట్లీ చెప్పిన మాట పగిలింది."

క్లారీ నలభై ఏళ్లు రైలుపెట్టెల వడ్రంగి. మెల్లగా వచ్చి తల పైకెత్తి చూశాడు. "వాలు లేకుండా కట్టాడే. మంచం మీద దుప్పటి పరిచినట్టు పరిచి పోయాడు, వెధవ."

సోమవారం పొద్దున క్లారీ తుంటి ఆపరేషన్ గాయానికి కట్టు మార్చడానికి నర్సు లోర్నా వచ్చింది. తడిసిన గోడను వేలితో నొక్కితే వేలు లోపలికి పోయింది. "నొయెలీన్, ఈ చెమ్మలో ఆయన గాయం మానదు. గురువారం మళ్లీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆశ్రమానికి రాసి పంపక తప్పదు. ఖాళీ ఉన్నది రెండు వందల కిలోమీటర్ల అవతలే" అంది.

నొయెలీన్ గ్రాంట్లీకి పద్నాలుగు సార్లు ఫోన్ చేసింది. పద్నాలుగు సార్లూ రికార్డు చేసి పెట్టిన అతని గొంతే పండగ శుభాకాంక్షలు చెప్పి పెట్టేసింది.  తండ్రిని కారెక్కించి, ఊతకర్రా రెండు మడతకుర్చీలూ వెనక పడేసి, సముద్రపు ఒడ్డు దారి పట్టింది. గ్రాంట్లీ ఏటా సెలవులకు అక్కడ ఒకే చోట, ఒకే చెట్టు కింద తన చక్రాల ఇల్లు, ఆ కారవాన్ పెడతాడని పదకొండు వారాల టీ కబుర్లలో ఆవిడకు తెలియనిదా?

గ్రాంట్లీ నిక్కరు వేసుకుని, కారవాన్ ముందర కట్టిన పందిరి కింద రొయ్యలు వలుచుకుంటున్నాడు. నొయెలీన్ పలకరింపు కూడా లేకుండా రెండు కుర్చీలూ ఆ పందిరి నడిమధ్య వేసి తండ్రిని కూర్చోబెట్టింది.

"ఏంటి తల్లీ ఇలా వచ్చావు?"

"నా ఇంటికి కప్పు లేదు. నీకు ఉంది. బాగా వాలుగా కూడా కట్టుకున్నావు. జనవరి పదకొండు దాకా ఇక్కడే ఉంటాం."

"నేనేం చేయను? రేకులవాడు దొరకలేదని చెప్పానుగా."

గ్రాంట్లీ పక్కన కూర్చుని బీరు తాగుతున్న మనిషి వైపు తిరిగాడు క్లారీ. "నీ చేతికి ఆ కోతలేమిటి అబ్బాయ్? రేకులు కోసినవేనా?"

"అవును పెద్దాయనా, పాతికేళ్లుగా ఇదే పని. నా పేరు కెల్విన్."

గ్రాంట్లీ రొయ్య కింద పెట్టాడు. కెల్విన్ అతని వంక తిరిగి, "నేను దొరకలేదా? నువ్వు నాకు ఫోనెప్పుడు చేశావు?" అన్నాడు.

గ్రాంట్లీ భార్య కారవాన్ మెట్టు మీదే నిలబడి, "వెళ్లు. రేకులు పడేదాకా ఈ గడప తొక్కకు" అంది.

మంగళ, బుధవారాలు గ్రాంట్లీ, కెల్విన్ ఇద్దరూ ఎండలో నొయెలీన్ ఇంటి కప్పు మీదే ఉన్నారు. బుధవారం సాయంత్రం చివరి మేకు కొట్టగానే నొయెలీన్ తోటకు నీళ్లు పట్టే గొట్టం తెచ్చి, గ్రాంట్లీని వంటగదిలో నిలబెట్టి, గంటసేపు కప్పు మీద నీళ్లు కొట్టింది.

"చుక్క పడిందా?"

"లేదు."

"అక్కడే నిలబడు. ఇంకా అవలేదు. ఆ తడిసిన గోడలూ నువ్వే ఊడదీసి, ఫ్యాన్లు పెట్టి వెళ్తావు."

గురువారం లోర్నా వచ్చి చూసి, ఆశ్రమానికి రాయకుండానే క్లారీకి కట్టు మార్చి వెళ్లింది. కప్పు వేసిన ఆ రెండు రోజులూ పది కొట్టినప్పుడల్లా గ్రాంట్లీ నిచ్చెన మీంచి వాసన పట్టాడు. స్కోన్ల వాసనే. ఒక పళ్లెం కెల్విన్‌కి వెళ్లింది, ఒక కప్పు టీ క్లారీకి వెళ్లింది. మూడో కప్పు, గ్రాంట్లీది, నొయెలీన్ కడిగి బయటికి తీయనే లేదు.