గుమ్మటానికి నడిబొడ్డు

అలెగ్జాండ్రియాలో సముద్రపు ఒడ్డున, సాంస్కృతిక భవనం వెనక ఒక గుమ్మటం ఉంది, చుక్కలు చూపించే నక్షత్రశాల. దాని నడిబొడ్డున పెద్ద గండుచీమలాంటి ఇనప యంత్రం. ఆ యంత్రపు రెండు గుండ్లకీ సన్నటి రంధ్రాలు. లోపల దీపం వెలిగిస్తే గుమ్మటం నిండా చుక్కలే చుక్కలు. దాన్ని నడిపేవాడు వగ్దీ. బడిపిల్లలకి శనిగ్రహాన్నీ శుక్రుణ్ణీ చూపిస్తూనే ఆయన జుట్టు నెరిసిపోయింది. ఇంతమంది చుక్కల్ని పెట్టుకున్నవాడికి పెళ్ళాం ఎందుకులే అని కాఫీ కొట్టు దగ్గర ఏడిపించేవాళ్ళు. ఆయనా వాళ్ళతో పాటు నవ్వేవాడు.

జనం రావడం తగ్గిపోయింది. గుమ్మటాన్ని మూసెయ్యాలా, ఉంచాలా అన్నది తేల్చడానికి కమిటీ వస్తోందని కబురొచ్చింది. వగ్దీ రెండు రోజులు తిండి మానేసి, పాత చొక్కా చింపి యంత్రం అద్దాలన్నీ ఒక్కొక్కటే తుడిచాడు.

కమిటీకి పెద్ద మేడం ఇన్షిరాహ్. ఆవిడ వెంట కాంట్రాక్టరు హాజీ బయూమీ, ఆయన చేతిలో పుచ్చగింజల పొట్లం. వగ్దీ ఎప్పటిలాగే గుమ్మం దగ్గర రొట్టెల బుట్ట పట్టుకుని నిలబడి ఫోన్లు అందులో వెయ్యమన్నాడు.

"చీకట్లో కూర్చోబెట్టి ఫోన్లు కొట్టేస్తావా ఏంటి మాస్టారూ?" అన్నాడు హాజీ.

"దీపం ముసలిదైపోయింది హాజీ. పక్కన ఫోను వెలిగితే చుక్కలు కనపడవు."

"నీకూ దానికీ ఈడూ జోడూ బాగానే కుదిరిందిలే" అంటూ ఫోను బుట్టలో పడేశాడు హాజీ.

ఈ పనిలో అసలు కిటుకు చుక్కల్లో లేదు, చీకట్లో ఉంది. కంటికి చీకటి అలవాటయ్యేదాకా చూసేవాణ్ణి కూర్చోబెట్టాలి, విసుక్కోకుండా చూసుకోవాలి. వగ్దీ లైట్లు తగ్గిస్తూ గుమ్మటంలో పొద్దుని మెల్లగా ముంచాడు. లైట్‌హౌసు కథా, సముద్రం కథా చెబుతూ కూర్చున్నాడు. పుచ్చగింజలు పటపటమంటూనే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. చుక్కలు వచ్చేశాయి.

"అవిగో, ఆ నాలుగూ పాడె. వెనక ఏడుస్తూ నడుస్తున్న ముగ్గురూ కూతుళ్ళు. తండ్రిని ఇంకా పూడ్చలేదు, అందుకే ధ్రువం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు" అన్నాడు వగ్దీ, సప్తర్షి మండలాన్ని చూపిస్తూ.

చీకట్లో మేడం ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "మా నాయనమ్మ ఇవే చూపించేది, మేడ మీద పడుకోబెట్టుకుని" అంది.

లైట్లు వేశాక ఆవిడ లేచి వగ్దీ చేయి పట్టుకుంది. "ఇది మూసేస్తే మాకు పాపం తగులుతుంది మాస్టారూ. మూయనివ్వను." అంత సంతోషం వగ్దీ ఎన్నడూ ఎరగడు.

"మా అమ్మాయి యుమ్నా పెళ్ళి ఇక్కడే చేద్దాం హాజీ. ఊళ్ళో ఇలాంటి హాలు ఇంకోటి ఉందా? కుర్చీలు తీయించేసి, పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ ఇదిగో, ఇక్కడ కూర్చోబెడితే…" ఆవిడ చెయ్యి యంత్రం మీదే ఆనింది.

"మేడం, అది నడిమధ్యలోనే ఉండాలండీ. జరిపితే ఆకాశం వంకరపోతుంది."

"అంత పెద్ద ఆకాశం, కాస్త జరిగితే ఎవడికి తెలుస్తుంది మాస్టారూ?" అని నవ్వాడు హాజీ. మేడం కూడా నవ్వింది. ఆవిడ నవ్వులో చెడుతనం లేదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్ళైతే పోట్లాడొచ్చు.

పాపం, తప్పంతా వగ్దీదే. అద్దాలు తుడవకుండా, మసక దీపంతో ఏదో అయిందనిపించి ఉంటే, వాళ్ళు ఆవులించి తాళం వేసుకుని పోయేవాళ్ళు. చీకటిగదిలోనైనా యంత్రం తన చోట తను ఉండేది. ప్రాణం పెట్టి చూపించాడు, వాళ్ళకి నచ్చేసింది, ఇంకేముంది.

యంత్రాన్ని జరపాలంటే దాని బోల్టులు ఎలా ఊడతాయో వేరెవరికీ తెలియదు. వగ్దీయే నేలమీద బోర్లా పడుకుని ఊడదీశాడు. నలుగురు కూలీలు దాన్ని ఈడ్చి గోడవారగా, గిడ్డంగి తలుపు పక్కన నిలబెట్టారు. మధ్యాహ్నం మేడం కూతుర్నీ కాబోయే వియ్యపురాలినీ వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చింది.

వగ్దీ మీట నొక్కాడు. దగ్గరి గోడమీద చుక్కలు ఒకదానిమీదొకటి ముద్దగా పడ్డాయి. అవతలి వైపువి సాగిపోయి, వెలిసిపోయి ఎక్కడెక్కడికో పోయాయి. ఇన్నేళ్ళూ వేలు పెట్టి చూపించిన ఆకాశంలో ఆయనకి తెలిసిన మూల ఒక్కటీ కనపడలేదు.

"ఎంత బావుందో. ఏమీ మారలేదు కదా?" అంది మేడం. తలుపు పైన మెరుస్తున్న ఒకదాన్ని ఆప్యాయంగా చూపించింది. "మాస్టారూ, అదేం చుక్క?"

వగ్దీ చాలాసేపు చూశాడు. పక్కనున్నవాటిని బట్టి పోల్చుకుందామని చూశాడు. పక్కనున్నవీ తెలియలేదు.

"దానికి పేరు లేదు మేడం."

"అయితే మా యుమ్నా పేరు పెట్టేద్దాం" అంది ఆవిడ.

వియ్యపురాలు చప్పట్లు కొట్టింది. పెళ్ళికూతురు సిగ్గుపడి తల్లి భుజం వెనక మొహం దాచుకుంది. వాళ్ళు ఫోటోలు తీసుకునేదాకా వగ్దీ మీట దగ్గరే నిలబడ్డాడు.