కుప్పలోకి చెప్పులతో

మీరు బంగినపల్లి మామిడి తినే ఉంటారు. తొక్క పారేసి, టెంక చీకి, చేతులు కడుక్కునే ఉంటారు. ఆ కాయ మచ్చ లేకుండా మీ ఇంటికి ఎలా వచ్చిందో ఎప్పుడైనా అడిగారా? అడగలేదు. అందుకే నేను చెబుతున్నాను.

బనగానపల్లె ఊరి బయట శివశంకర్ అనే సావుకారుకు మామిడి మండీ ఉంది. పైన రేకులు, కింద నాపరాళ్ల నేల, నేల మీద వరిగడ్డి, గడ్డి మీద కాయల కుప్పలు. పొద్దున ఏడు గంటలకు పదహారుమంది ఆడవాళ్లు గుమ్మం దగ్గర చెప్పులు వరసగా విప్పి ఒట్టికాళ్లతో లోపలికి వస్తారు. పండిన పంట మీదికి చెప్పుకాలితో పోకూడదన్నది కళ్లాల నాటి నుంచి ఈ సీమలో ఉన్న కట్టుబాటు. అన్ని మతాలవాళ్లూ పాటిస్తారు. చూడ్డానికి ఎంతో వినయంగా, ముచ్చటగా ఉంటుంది.

ఆ ముచ్చట సాయంత్రం ఆరు దాకా సాగుతుంది. మునివేళ్ల మీద గొంతుక్కూర్చుని కాయలు ఏరాలి. పెద్దకాయ ఒక పక్క, చిన్నకాయ ఒక పక్క, మచ్చకాయ ఒక పక్క. క్రేటు నిండగానే లేచి గోడదాకా మోయాలి. ఆ పదహారుమందిలో పదిమందికి పైగా యాభై దాటినవాళ్లే. లేచేటప్పుడు వాళ్లు "అమ్మా" అనరు. పళ్లు బిగించి ముక్కుతో గాలి వదులుతారు. ఎందుకంటే "అమ్మా" అన్న మనిషి మీద మేస్త్రీ కన్ను పడుతుంది. మేస్త్రీ కన్ను పడిన మనిషికి మర్నాడు పనికి పిలుపు రాదు.

ఈ కథ విశ్వాసమ్మది. వయసు అరవై ఒకటి. భర్త లేడు. కూతురూ అల్లుడూ కోసిగిలో ఉంటారు. సగం ఏడాది వాళ్లే మూట కట్టుకుని వలసపోతారు, ఇంక ఈమెకేం పెడతారు? మామిడి పని ఉన్న ఆ రెండు మూడు నెలలే ఈమెకు ఏడాదికి ఆధారం. ఈమె కడుపు ఈమె చేతుల్లో ఉందనుకునేరు, కాదు. కాళ్లలో ఉంది.

ఆ కాలే చెడింది. కుడికాలి బొటనవేలి మొదట్లో మూడేళ్లుగా గోలీ అంత బొడిపె. వేలు పైకి వంగదు. వంచితే నిప్పు. గొంతుక్కూర్చోవడమంటేనే ఆ వేలిని వంచడం. విశ్వాసమ్మ ఎవరికీ చెప్పలేదు. చీర అంచు పాదాల మీదికి దించి కట్టుకుంది. వాతమనుకుంది, వంకాయ మానేసింది. వయసనుకుంది, దేవుణ్ణి అడగడం మానేసింది.

ఆమె పక్కనే ఇరవై ఏళ్లుగా కూర్చుని ఏరే మనిషి నన్నీ బీ. అరవై నాలుగేళ్లు. పోయినేడు నన్నీ బీ పాదం ఇంకా ఘోరంగా ఉండేది. క్రేటు ఎత్తి నాలుగడుగులు వేసి గోడ పట్టుకునేది. ఆమె కుంటుతూంటే విశ్వాసమ్మకు కాస్త ఊరటగా ఉండేది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. మనకంటే ఎక్కువ కుంటేవాడు పక్కన ఉంటే మన కుంటు చిన్నదైపోతుంది. లోకం నడక అది.

ఈ ఏడు సీజను మొదలైన రోజు నన్నీ బీ నిటారుగా నడిచి వచ్చింది. కాళ్లకు టైరు చెప్పులు. మందంగా, ముందు వెడల్పుగా, వేళ్ల దగ్గర పడవ ముక్కులా పైకి లేచి ఉన్నాయి. వాటిని గుమ్మం దగ్గర విప్పలేదు. తొట్టి దగ్గర శుభ్రంగా కడిగి, తుడిచి, తొడుక్కునే కుప్పలోకి వచ్చింది. ఖాళీ క్రేటు బోర్లా వేసి దాని మీద కూర్చుంది, కాయలు ఇంకో రెండు క్రేట్ల మీద పెట్టుకుని ఏరడం మొదలుపెట్టింది. మేస్త్రీ జ్ఞానరాజు చూసి కూడా చూడనట్టు పోయాడు. కాయను చేత్తో పట్టుకోగానే లోపలి దెబ్బ చెప్పగలిగిన మనిషి ఆ మండీలో నన్నీ బీ ఒక్కతే మరి.

విశ్వాసమ్మ గుండెలో ఏదో కాలింది.

"ఏం అక్కా, ఈయేడు బేగమ్మ మాదిరి కూసున్నావే?" అంది నవ్వుతూనే.

"కూసుంటే నీకేం కష్టమే?"

"కష్టమేముండాది. నడక గూడా మారింది. ఏం మందు తిన్నావు?"

"అల్లా ఇచ్చినాడు" అని నన్నీ బీ కాయల మీదికి తల దించేసింది.

అల్లా ఇచ్చాడట! నా దేవుడికి నా కాలు కనపడలేదా? విశ్వాసమ్మ ఆ రోజంతా కాయల కంటే ఆ చెప్పులనే ఎక్కువ చూసింది. రాత్రి ముద్ద తింటున్నా అవే. ఆదివారం చర్చిలో పాట పాడుతున్నా అవే. ఎవరైనా బాగుపడితే ఓర్వలేకపోవడం వేరు. మన నొప్పే ఉన్న మనిషికి నొప్పి తగ్గితే ఓర్వలేకపోవడం వేరు. ఇది ఎముకలోనే పుడుతుంది.

ఒక మధ్యాహ్నం నన్నీ బీ నమాజు చేసుకోవడానికి షెడ్డు వెనక్కి పోయింది. చెప్పులు గోడ వారన ఉన్నాయి. విశ్వాసమ్మ అటూ ఇటూ చూసి కుడికాలు దూర్చింది, తర్వాత ఎడమది. పది అడుగులు వేసింది. బొటనవేలు వంగనే లేదు. చెప్పే ముందుకు దొర్లింది, పాదం దాని వెంట పోయింది. మూడేళ్లలో మొదటిసారి నొప్పి లేకుండా పది అడుగులు!

సంతోషించాల్సిన మనిషి ఏడ్చింది. ఏడ్చి, చెప్పులు విప్పి, తిన్నగా జ్ఞానరాజు దగ్గరికి పోయింది. ఒకే చర్చివాళ్లు, వరసకు కొడుకవుతాడు.

"ఒరే నాయనా, కట్టుబాటు అందరికీ ఒకటా, మనిసికొకటా?"

"ఏమయింది చిన్నమ్మా?"

"ఆ బీ చెప్పుకాళ్లతో కుప్పలో తిరుగుతాంటే నీ కండ్లకు కనపడలేదా? కాయ మీద మన్ను పడితే ఎవురిది పూచీ?"

"గమ్మునుండు చిన్నమ్మా. ముసిలామె. పని బాగ చేస్తాంది."

"నేనేమన్నా పడుచుదాన్నా? నువ్వు చెప్పకుంటే సావుకారుకు నేనే చెప్తా."

ఆమె చెప్పాల్సిన పని పడలేదు. జ్ఞానరాజు భయపడి తనే చెప్పాడు. మర్నాడు పొద్దున శివశంకర్ వచ్చి షెడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"ఇంగ ఎవురూ చెప్పుల్తో లోపలికి రాగూడదు. బోర్లేసిన క్రేట్లు గూడా తీసేయండి, కూసున్నోళ్లకు నిద్దరొస్తాది. కాళ్ల నొప్పులుండేటోళ్లు ఇండ్లకాడ పండుకోండి. పనికి మనుషులు కరువు ల్యాదు."

నన్నీ బీ చెప్పులు విప్పి, మునివేళ్ల మీద గొంతుక్కూర్చుంది. మూడు రోజులు వచ్చింది. నాలుగో రోజు రాలేదు.

విశ్వాసమ్మ అడిగింది దొరికింది. నన్నీ బీ చోటు ఆమెకే ఇచ్చారు. చోటు ఇచ్చారు గానీ క్రేటు ఇవ్వలేదు, నొప్పి లేని కాలూ ఇవ్వలేదు. పైగా నన్నీ బీ పనీ మీద పడింది. అయిదో రోజుకు పాదం చెప్పులో పట్టనంత వాచింది. సర్కారు ఆసుపత్రికి పోతే ఒక రోజు పని పోతుంది. బస్టాండు వెనక సూదులేసే మనిషి దగ్గరికి పోయింది. ఆయన ఏ మందు పొడుస్తున్నాడో చెప్పడు, ఈమె అడగదు. మొదటి సూదికి రెండు రోజులు గాలిలో నడిచినట్టుంది. రెండో సూదికి ఒక రోజు. మూడో సూదికి ముఖం ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి, నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

తర్వాతి సోమవారం ఆమె నిండు క్రేటుతో లేచింది. వేలు వంగనన్నది. మనిషి ముందుకు పడింది. కాయలు నాపరాళ్ల మీద నలుదిక్కులా దొర్లాయి. శివశంకర్ ముందు కాయలు లెక్క చూసుకున్నాడు, తర్వాత ఆమెను చూశాడు.

"రేపట్నుంచి నువ్వు గూడా రావొద్దులేమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం విశ్వాసమ్మ కుంటుకుంటూ నన్నీ బీ ఇంటికి పోయింది. నన్నీ బీ అరుగు మీద కూర్చుని పాదాన్ని గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో పెట్టుకుంది.

"చూసి పోదామని వచ్చినావా, చూసి నగుదామని వచ్చినావా?"

"మేస్త్రీకి చెప్పింది నేనే అక్కా."

"తెలుసులే. నా చెప్పుల్లో కాలు పెట్టింది గూడా తెలుసు. ఎడమదాన్ని కుడిపక్కన పెట్టి పోయినావు గదా, మొద్దుదానా."

విశ్వాసమ్మ చీర అంచు పైకెత్తి పాదం చూపించింది. నన్నీ బీ చాలాసేపు చూసింది. అచ్చం తన పాదమే.

"ఎన్నాళ్లుగా?"

"మూడేండ్లు."

"ఒక్కసారన్నా చెప్పకపోతివే!"

"నువ్వు చెప్పినావా? మందేదని అడిగితే అల్లా ఇచ్చినాడంటివి."

నన్నీ బీ బేసిన్‌లోంచి కాలు తీసి తుడుచుకుంది.

"భయమే నాకు. అందురూ టైరు చెప్పులేసుకుని క్రేట్లెక్కి కూసుంటే సావుకారు అందురివీ పీకేస్తాడు. నా ఒక్కదానివైతే జరిగిపోతాదనుకుంటి. నువ్వు ఓర్వలేక చెప్పినావు, నేను ఓర్వలేక దాచినా. ఇద్దురం ఇంట్లో కూసున్నాం, బాగుండాది గదా?" బేసిన్ నీళ్లు పారబోస్తూ అంది, "నిన్ను క్షమించినానని మాత్రం అనుకోవద్దు. రేపు పొద్దున పోదాం పద."

సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చూపించింది. బొటనవేలి కీలులో రెండు ఎముకల మధ్య ఉండాల్సిన మెత్తని పొర అరిగిపోయింది. అరిగిన పొర మళ్లీ రాదు. కానీ నొప్పిని తగ్గించవచ్చు, కాలును నిలుపుకోవచ్చు. వేలు వంగకుండా చూసే గట్టి అడుగు, వేళ్లను నొక్కని వెడల్పు చెప్పు కావాలి. రాతి నేల మీద ఒట్టికాళ్లతో నిలబడకూడదు. గొంతుక్కూర్చోకూడదు. చెప్పిన కసరత్తు చేయాలి, ఇచ్చిన మాత్రలే వేసుకోవాలి. వేసుకున్న సూదుల సంగతి విని, అవి ఒంట్లో చక్కెర పెంచి ఉండొచ్చని ఆమె విశ్వాసమ్మకు చక్కెర పరీక్ష కూడా రాసింది.

"వయసుకు వచ్చిందిలే తల్లీ అని మా ఊళ్లో అంటారు" అంది విశ్వాసమ్మ.

"వయసు ఒక్కటే కాదమ్మా. నువ్వు చేసిన పని కూడా ఉంది" అంది డాక్టరమ్మ.

దారిలో నన్నీ బీ తమ్ముడు ఖాసిం సాహెబ్ కొట్టు. చెప్పులు కుట్టే మనిషి. లోగడ డాక్టరమ్మ కాగితం మీద గీసిచ్చిన బొమ్మ చూసి, పాత లారీ టైరు కోసి అక్కకు ఆ జోడు చేసింది ఆయనే. విశ్వాసమ్మ పాదం కాగితం మీద పెట్టించి పెన్సిలు తిప్పుతూ అడిగాడు.

"ఒక జోడేనా, ఇంకా ఉండాయా?"

ఆ ప్రశ్న దగ్గర విశ్వాసమ్మ ఆగిపోయింది. ఇంకా ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో ఆమెకే తెలియదు. ఎవరు చెప్పారు గనక?

మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లు సంగటి ముద్దలు విప్పే వేళకు ఇద్దరూ మండీ గోడ నీడకు పోయారు. "ఎవురికన్నా కాలు నొప్పి ఉండాదా మే?" అని విశ్వాసమ్మ అడిగింది. ఆడవాళ్లు చీర అంచులు కిందికి లాక్కున్నారు. ఒకరినొకరు చూసుకున్నారు. చెబితే పక్కది తన చోటు ఎత్తుకుపోతుంది. విశ్వాసమ్మ వాళ్ల మధ్యలో కూర్చుని తన పాదం చాపింది.

"నన్నక్క చోటు పీకించింది నేను. ఆమె చెప్పుల మీద కన్ను కుట్టి పీకించినా. ఇదో నా కాలు. ఇప్పుడు మీవి తీయండి."

చాలాసేపటికి ఒక పాదం చీర కింద నుంచి బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. మొత్తం తొమ్మిది. బొటనవేళ్లు పక్కకు తిరిగినవి, మడమలు పగిలినవి, పాదం మధ్యలో బొడిపె లేచినవి. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఒకరి పాదాలు ఒకరు చూడటం అదే మొదలు.

పదిరోజులకు ఆ పదహారుమందీ ఖాసిం సాహెబ్ చేసిన టైరు చెప్పులు కడిగి తొడుక్కుని మండీ గుమ్మం ముందు నిలబడ్డారు. నొప్పి లేనివాళ్లూ నిలబడ్డారు. లోపల రెండు లారీలకు కాయ ఏరాల్సి ఉంది. శివశంకర్ కోపంగా బయటికి వచ్చాడు.

"కాయ లచ్చిమి! చెప్పుల్తో తొక్కుతారా?"

నన్నీ బీ ముందుకు వచ్చింది. "మొన్న ఢిల్లీ వ్యాపారి బూట్లతో కుప్పలోకి వస్తే నువ్వే గదప్పా కుర్చీ ఏసి నీళ్లిచ్చినావు? ఆయన బూట్లు కడిగినవా? మేం కడుక్కునే వస్తాం. లోపల్నే పెట్టిపోతాం, రోడ్డు మీద ఏసుకోం. కట్టుబాటంటే అందురికీ పెట్టు, లేకుంటే ఎవురికీ వద్దు."

శివశంకర్ జ్ఞానరాజు వైపు చూశాడు. జ్ఞానరాజు నేల వైపు చూస్తూ, "మా అమ్మకు గూడా అట్లనే ఉండాది అన్నా, కాలు" అన్నాడు.

కాయ ఆగదు. మామిడికి మనుషుల మీద దయ లేకపోవచ్చు గానీ సావుకారు మీద కూడా లేదు. మధ్యాహ్నానికి చెప్పులకు సరేనన్నాడు, మానిపించిన ఇద్దరినీ మళ్లీ పనిలోకి రానిచ్చాడు. పీటలకు, ఎత్తు బల్లలకు ఇంకో వారం బేరాలాడాడు. ఆఖరికి ఆరు బల్లలు, వాటి ముందు ఆరు పీటలు వచ్చాయి. పదహారుమందికి ఆరు! గెలిచారని నేను రాయను. సగం గెలిచారు.

ఆ ఆరు బల్లల దగ్గరే మళ్లీ పాత పురుగు తొలిచింది. మొదటి రోజే ఇద్దరు ఆడవాళ్లు "దానికి ఏటికి ఇచ్చినారు, నాకు ఏటికి ఇయ్యలేదు" అని జుట్లు పట్టుకోబోయారు. విశ్వాసమ్మ తను కూర్చున్న పీట మీది నుంచి లేచి, ఆ ఇద్దరిలో పెద్దామెను దాని మీద కూర్చోబెట్టింది. తర్వాత షెడ్డంతా వినేలా అంది.

"ఓర్వలేనితనమే ఉంటే అది పక్కదాని మీద చూపించొద్దండి మే. నొప్పి తగ్గినామె ఎట్ల తగ్గిందో దాచకుండా చెప్పాల, తగ్గనామె సిగ్గు లేకుండా అడగాల, మిగిలిన పది బల్లలు అందురం కలిసి తెచ్చుకోవాల. మనం ఒకరి కాళ్ల దిక్కు ఒకరం ఏడ్సుకుంటా చూస్తా ఉన్నంత కాలం, కుర్చీలో కూసున్నోడు కూసునే ఉంటాడు."